పిల్లులలో మధుమేహము - ఆహార నియమాలు
పిల్లులలో మధుమేహము చాలావరకు మానవులలోని రెండవ రకం మధుమేహమును పోలి ఉంటుంది. పిల్లి మాంసాహారి, దానికి పిండిపదార్థాల అవసరం స్వల్పము. అయితే వరి పండే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో ఇంటి పిల్లికి దొరికేది తరచు పాలన్నము, పెరుగన్నము. వ్యాధి ఉన్న పిల్లికి అన్నం తగ్గించి మాంసం, చేప పెంచాలి.

ఒకే ఇంట పలు పిల్లులుంటే అసలు చిక్కు ఉమ్మడి గిన్నెతోనే. ఏది ఎంత తిన్నదో తెలియదు. తినని పిల్లికి మామూలు మోతాదులో ఇన్సులిన్ ఇస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కనుక రోజుకు రెండు పూటలు, సుమారు 12 గంటల ఎడంతో, తలుపు మూసిన గదిలో విడిగా పెట్టి, మిగిలినది తీసివేయాలి. వీధిలో తిరిగే పిల్లి పొరుగింట తినే పెరుగన్నం కూడా లెక్కలోనిదే. అన్నం తగ్గితే ఇన్సులిన్ అవసరమూ తగ్గవచ్చు. అందుచేత పశువైద్యుని సంప్రదించకుండా ఆహారం మార్చరాదు. పిల్లి తూలినా, వణికినా చిగుళ్ళకు తేనె రాసి వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.