గ్రాట్యుటీ: ఓడ బిల్లులో ఒక మాట

తెలుగు ఇళ్లలో గ్రాట్యుటీ అంటే ఉద్యోగ విరమణ నాడు చేతికొచ్చే మొత్తం. ఆ డబ్బుతో ఎందరో కూతురి పెళ్లి చేశారు, ఇంటి మీది అప్పు తీర్చుకున్నారు. పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లి, మయామీ నుంచో గాల్వెస్టన్ నుంచో మొదటిసారి క్రూయిజ్ ఎక్కే తల్లిదండ్రులకి అదే మాట ఓడ బిల్లులో ఎదురవుతుంది. అక్కడ అది మనం కట్టాల్సిన పద్దు. పెద్ద అమెరికన్ సంస్థల ఓడల్లో, సాధారణ గదిలో ఉండేవారికి, తలకి రోజుకి ఇంచుమించు 16 నుంచి 20 డాలర్లు వేస్తారు. 18 అనుకుంటే ఏడు రాత్రులకి దంపతులిద్దరికీ 252 డాలర్లు, మన లెక్కలో 20 వేల రూపాయల పైమాటే. చాలా ఓడల్లో పిల్లలకీ పడుతుంది. తిండీ గదీ అన్నీ టికెట్టులోనే ఉన్నాయనుకున్నవారు ఈ పద్దుని ఆఖరి రోజున చూస్తే గుండె గుభేలుమంటుంది. కొన్ని సంస్థలు దీన్ని సర్వీస్ చార్జి అంటాయి, కొన్ని క్రూ అప్రిసియేషన్ అంటాయి. పేరు ఏదైనా, ఓడ ఎక్కకముందే దీని సంగతి తెలుసుకోవడం మంచిది. ముందుగానే కట్టేసే వీలు కూడా చాలా చోట్ల ఉంది.

గ్రాట్యుటీకి మూలం లాటిన్‌లోని 'గ్రాటుస్'. ఇష్టమైనది, కృతజ్ఞత కలిగినది అని అర్థం. ఊరికే ఇచ్చేదాన్ని 'గ్రాటిస్' అనడం కూడా అక్కడి నుంచి వచ్చిందే. అంటే ఇచ్చేవాడి మనసు మీద ఆధారపడ్డ సొమ్ము. పుచ్చుకునేవాడికి అడిగే హక్కు లేదు. మన దేశంలోనూ యజమాని సంతోషించి ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేనట్టుగానే అది మొదలైంది. 1972లో వచ్చిన చట్టం దాన్ని మార్చింది. అయిదేళ్లు విడవకుండా పనిచేసిన ఉద్యోగికి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇచ్చి తీరాలంది. దయ హక్కయింది గానీ పేరు మాత్రం పాతదే నిలిచింది. ఈ రోజు మన గుమాస్తాలెవరూ గ్రాట్యుటీని బహుమానం అనుకోరు. నాకు ఆ మార్పంటే ఎంతో గౌరవం.

ఇలాంటి ప్రయాణం చేసిన మాట మన పల్లెల్లో అంతకు ముందే ఉంది. ఇనాం అరబ్బీ మాట, అనుగ్రహించి ఇచ్చినదని అర్థం. కానీ ఊళ్లో మంగలికీ చాకలికీ గుడి అర్చకుడికీ ఉన్న సర్వీసు ఇనాం అనుగ్రహం కాదు. వాళ్లు చేసే పనికి అదే జీతం. పని మానితే భూమి మీద పట్టు పోయేది. దాన్నే మాన్యం అని కూడా అన్నారు. మన్నించి ఇచ్చినదని ఆ మాట చెబుతుంది. మర్యాద అంతా పేరులో ఉండేది, కష్టమంతా పనివాడిదిగా ఉండేది. ఇనాములను రైత్వారీ పట్టాల కిందికి మార్చే చట్టం ఆంధ్ర ప్రాంతానికి 1956లో వచ్చింది. జీతానికి బహుమానం అని పేరు పెడితే పుచ్చుకునేవాడు ఎప్పుడూ చేతులు కట్టుకునే నిలబడాలి. నేను ఈ మాటల చరిత్ర పట్టుకుని వెళ్లేది ఆ ఒక్క సంగతి కోసమే.

ఓడలోని గ్రాట్యుటీ ఇంకా జీతాన్ని బహుమానం అనే దశలోనే ఉంది. ఈ పద్ధతి పాతదే. అమెరికాలో జార్జ్ పుల్‌మన్ కంపెనీ తన స్లీపర్ రైలు పెట్టెల్లో పనికి, బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివారిని పెట్టుకుని, తక్కువ జీతమిచ్చి మిగతాది ప్రయాణికుల చేతికి వదిలేసింది. ఆ పోర్టర్లు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన సంఘం కట్టి, 1937లో గానీ కంపెనీతో ఒప్పందం సాధించలేదు. ఆ పద్ధతి జాడ అమెరికా చట్టంలో ఇప్పటికీ ఉంది: టిప్పులు అందుకునే పనివారికి ఫెడరల్ కనీస వేతనం 1991 నుంచీ గంటకి 2.13 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఓడలకైతే అదీ వర్తించదు, ఎందుకంటే అవి ఎక్కువగా బహామాస్ జెండానో పనామా జెండానో ఎగరేస్తాయి. వాటిలో గదులు సర్దేవారు, బల్ల దగ్గర వడ్డించేవారు ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మన దేశం నుంచి వచ్చి, నెలల తరబడి వారాంతపు సెలవు లేకుండా పనిచేస్తారు. 2013లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారమే రోజుకి 14 గంటలు, వారానికి 72 గంటల దాకా పని చేయించవచ్చు. బిల్లులో కనిపించే పద్దు ఈ మనుషుల ఆదాయంలో పెద్ద భాగం.

గెస్ట్ సర్వీసెస్ కౌంటరుకి వెళ్లి అడిగితే చాలా ఓడల్లో ఆ పద్దు తగ్గిస్తారు, తీసేస్తారు కూడా. నియమం ప్రకారం అది మన ఇష్టమే. తీయించవద్దని నా మాట. 'మా గది అబ్బాయికి నగదుగానే ఇచ్చేస్తాం' అనేవారుంటారు. కానీ బిల్లు పద్దులోని సొమ్మును చాలా ఓడల్లో నలుగురికీ పంచుతారు. దుప్పట్లు ఉతికేవారు, వంటశాలలో గిన్నెలు తోమేవారు మన కళ్లకి కనపడరు, మన చెయ్యి వాళ్ల దాకా పోదు. సేవ నిజంగా బాగాలేకపోతే ఆ రోజే కౌంటరులో చెప్పాలి. ఆఖరి రాత్రి పద్దు కొట్టేయిస్తే తప్పు చేసినవాడికీ తెలియదు, చేయనివాడికీ నష్టం. బ్రిటన్ సంస్థ పీ అండ్ ఓ క్రూయిజెస్ 2019లో ఈ రోజువారీ పద్దునే ఎత్తేసి టికెట్టు ధరలో కలిపేసింది. అన్ని ఓడలూ అలా చేస్తే బాగుండును. పనికి కూలి ధరలో ఉంటే, ఆ పైన ఇచ్చేది నిజంగా బహుమానమవుతుంది.

పైన ఇచ్చే ఆ చిన్న మొత్తానికి తగిన మాటలు లోకంలో చాలా ఉన్నాయి. ఫ్రెంచివారు, జర్మన్లు తాగడానికి ఇచ్చే డబ్బు అంటారు, రష్యన్లు టీ డబ్బులంటారు, హైదరాబాదులో చాయ్‌పానీ. టిప్పు అనే ఇంగ్లీషు మాట దొంగల భాషలోంచి వచ్చింది, చేతికి అందించడం అని. సత్వర సేవ కోసమనే అర్థం వచ్చే మూడు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలని చెప్పే కథ తర్వాత అల్లినది. నాకిష్టమైనది మన బక్షీసు. పారసీకంలో 'బఖ్షీదన్' అంటే ఇవ్వడం, క్షమించడం కూడా. దాని పాత ధాతువు పంచిపెట్టడమనే అర్థంలో సంస్కృత 'భజ్'కి చుట్టం. అంటే బక్షీసూ భాగమూ ఒకే ఇంటివి. గది సర్దినవారు కనిపెట్టి చూసుకుంటే, ఆఖరి రాత్రికి ముందు ఒక కవరులో 20 డాలర్లు పెట్టి చేతికివ్వడం బక్షీసు. తప్పనిసరి కాదు. ఓడ రేవులో సామాను అందుకునే పోర్టరుకి మాత్రం ఓడ పద్దులో వాటా లేదు, పెట్టెకి ఒకటి రెండు డాలర్లు విడిగా ఇవ్వాలి. బార్‌లో పానీయాల మీద 18 శాతమో 20 శాతమో ముందే కలిపి ఉంటుంది. సంతకం పెట్టే రసీదులో 'అదనపు టిప్పు' అన్న ఖాళీ కనిపిస్తే దాన్ని నింపనక్కర్లేదు.

మొదటిసారి వెళ్లేవారికి ఇంకొన్ని మాటలు. రేవున్న ఊరికి ఒక రోజు ముందే చేరండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు కాబట్టి పాస్‌పోర్టులు, బీపీ షుగరు మందులు చేతి సంచిలోనే ఉంచుకోవాలి. శాకాహారం కావలసినవారు మొదటి రాత్రే డైనింగ్ హాలులో హెడ్ వెయిటరుకి చెప్పుకుంటే మర్నాటి నుంచి పప్పో కూరో ఏర్పాటయ్యే అవకాశం ఉంది. ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టకపోతే నడిసముద్రంలో రోమింగ్ బిల్లు ఓడ బిల్లుని మించిపోవచ్చు. మస్టర్ డ్రిల్‌ని, అంటే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో నేర్పే కసరత్తుని, తేలిగ్గా తీసుకోవద్దు. 2012 జనవరిలో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ ఇటలీ తీరాన రాయికి గుద్దుకున్నప్పుడు, ఆ రోజే ఎక్కినవారు ఇంకా ఆ కసరత్తు చేయలేదు. ఓడ బయలుదేరే ముందో బయలుదేరిన వెంటనేనో అది జరపాలన్న నియమం 2015లో వచ్చింది.

దిగాక సంస్థ ఒక అభిప్రాయ పత్రం పంపుతుంది. దాన్ని చాలామంది తెరవరు. అందులో ఎవరినైనా పేరు పెట్టి మెచ్చుకుంటే ఆ మాట పై అధికారుల దాకా వెళుతుంది, పదోన్నతి దగ్గర లెక్కకొస్తుంది. అందుకని మొదటి రోజే గది సర్దేవారి పేరు, బల్ల దగ్గరివారి పేరు అడిగి రాసి పెట్టుకోండి. వాళ్ల చొక్కా మీది బిళ్లపై పేరూ దేశమూ రెండూ ఉంటాయి.