కొత్త బండి కంటె పాత బండికే ఎక్కువ ధర

మొన్న మా తమ్ముని కొడుకు అడిగినాడు: "పెదనాయనా, కొత్త కారు కొనేదా, పాతది చాలునా?" ఇదే మాట 1970లో మా కోయంబత్తూరు ఇంట్లో నడిచింది. అప్పటి లెక్క మాత్రం తలకిందులు. పాత బండికే ధర ఎక్కువ!

అప్పుడు దేశంలో కొనాలంటే ముఖ్యంగా మూడే కార్లు. కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ఫియట్, మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ తయారయ్యేవి. ఎన్ని బండ్లు చేయాలన్నది లైసెన్సును బట్టి ఉండేది. కార్ల పంపిణీ, అమ్మకాల మీద 1959 నుంచి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. 1969లో ధర కూడా ప్రభుత్వమే కట్టింది. ధర తక్కువే, కానీ బండి దొరకదు. అడ్వాన్సు కట్టి ఏళ్ల తరబడి కాచుకోవాల. పాత బండి అయితే డబ్బిచ్చిన రోజే ఇంటికి వస్తుంది. అందుకే బాగుండే పాత ఫియట్ కొత్తదానికి మించి పలికేది.

మా తాత ఫియట్‌కు అడ్వాన్సు కట్టి ఉన్నాడు. ఇంకొంచెం ఓర్చుకుంటే సరైన ధరకు కొత్త బండి వస్తుందని ఆయన లెక్క. అయితే అవ్వకు ఉబ్బసం. తోట నుంచి టౌను ఆస్పత్రికి రాత్రిపూట ఎద్దుల బండే దిక్కు. ఒక రాత్రి దారిలోనే అవ్వకు ఊపిరాడక అయిపోయింది, ఎట్లనో బతికింది. తెల్లారినాక తాత వాళ్లమ్మ ఒకటే మాట అనింది: "ఆ రసీదునెక్కి ఆస్పత్రికి పోతావా నాయనా?"

బావి లోతు చేయించను దాచిన పత్తి డబ్బు తీసి, తాత ఎనిమిదేళ్ల పాత అంబాసిడర్ కొన్నాడు. ఏ మెకానిక్ అయినా విప్పి బిగించగలిగే బండి అని దాన్నే ఎంచుకున్నాడు. మరుసటి ఎండాకాలం బావి ఎండి, కొబ్బరి మొక్కలు సగం పోయినాయి. అవ్వ మాత్రం ఇంకో ఇరవై రెండేళ్లు మాతో ఉండింది. ఫియట్ వంతు మూడేళ్ల తర్వాత వచ్చింది. తాత వద్దని అడ్వాన్సు వాపసు తీసుకున్నాడు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినా, దానికీ క్యూనే. 1993లో కార్ల తయారీకి లైసెన్సు తీసేసినారు. కంపెనీలు పెరిగి క్యూ కరిగిపోయింది, పాత బండి ధర దిగింది.

పిల్లవానికి నేను చెప్పిందింతే: "బండి ఎందుకు కావాల, ఎప్పటికి కావాల, ఏ డబ్బు తీసి కొంటావు? ముందు అది చెప్పరా. కొత్తదా పాతదా తర్వాత చూద్దాం."