లె మోర్న్ కొండ, పదహారు మెట్లు

మారిషస్‌లో ఫిబ్రవరి 1న సెలవు. 1835లో ఇక్కడ బానిసత్వం రద్దయిన రోజది. ఆ సెలవునాడు మేం కొందరం కలిసి దీవికి నైరుతి మూలన ఉన్న లె మోర్న్ కొండకు వెళ్లాం. సముద్రం అంచున 556 మీటర్ల రాతికొండ, నిట్టనిలువుగా ఉంటుంది. ఫ్రెంచివాళ్లు మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ తీరం నుంచి ఓడల్లో తెచ్చి అమ్మిన మనుషులు, తోటల్లోంచి పారిపోయి ఇక్కడ దాక్కునేవాళ్లు. దొరికితే ఏమవుతుందో వాళ్లకు తెలియంది కాదు. 1723 నాటి చట్టం ప్రకారం నెల రోజులు కనబడకుండా పోతే చెవులు కోసి, భుజం మీద వాత పెట్టాలి. రెండోసారైతే మోకాలి వెనక నరం తెగ్గొట్టాలి. మూడోసారి మరణశిక్షే. అయినా కొండెక్కారు.

రద్దు కబురు చెప్పడానికి వచ్చిన సిపాయిలను చూసి, పట్టుకోడానికే వచ్చారనుకుని చాలామంది పైనుంచి దూకేశారని ఇక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

రద్దు చేసిన బ్రిటిష్ ప్రభుత్వం తన వలస దేశాల్లోని యజమానులందరికీ కలిపి 2 కోట్ల పౌండ్లు నష్టపరిహారం ఇచ్చింది. బానిసలకు మాత్రం ఒక్క పైసా ఇవ్వలేదు. పైగా అప్రెంటిస్ అని పేరు మార్చి 1839 దాకా పాత యజమాని దగ్గరే పనిచేయించారు. వాళ్లు ఎలాగూ తోటల్లో ఉండరని తెలిసి, 1834 నుంచే మన దేశం నుంచి కూలీలను తేవడం మొదలుపెట్టారు.

ఆ కూలీలు దిగిన చోటు పోర్ట్ లూయిస్ రేవులో ఉంది. దాన్ని ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. మరోసారి అక్కడికీ వెళ్లాం. 1849లో కట్టిన డిపోలో ఇప్పుడు కొన్ని గదులు, పునాదులు, ఓడ దిగి ఎక్కిన 16 మెట్లు మిగిలాయి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వచ్చారు కాబట్టి తెలుగువాళ్లను ఇక్కడ కోరింగీలు అనేవారు.

కూలీని, బానిసను ఒకే గాటన కట్టడం మాకు నచ్చదు. కూలీకి జీతముంది, గడువుంది, అతని బిడ్డను అమ్మే హక్కు ఎవరికీ లేదు. కానీ మన చేతుల్లోనూ అగ్రిమెంట్లు ఉన్నాయి కదా, అందుకే ఆ కాగితం సంగతి ఆరా తీశాం. మొదట్లో అయిదేళ్లకు ఒప్పందం, నెలకు 5 రూపాయలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. దాన్ని డబుల్ కట్ అనేవారు. 1867 చట్టం తర్వాత ఒప్పందం తీరినవాడు కూడా ఫొటో ఉన్న టికెట్ వెంట పెట్టుకునే తిరగాలి. లేకపోతే పోలీసులు పట్టుకుపోయేవారు.

1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్లవాడి సాయంతో 9,401 మంది కూలీలు గవర్నర్‌కు అర్జీ పెట్టుకున్నారు. అందుకు అతన్ని నడివీధిలో కొట్టారు. కానీ మరుసటి ఏడు లండన్ నుంచి విచారణ సంఘం దిగింది. కూలీలు చెప్పింది నిజమేనని తేల్చింది. 1878లో కొత్త కూలీ చట్టం వచ్చింది.

అప్పటి దస్తరాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. మనిషికో నంబరు, తండ్రి పేరు, ఊరు. ముత్తాతల ఆచూకీ కోసం ఇక్కడి తెలుగు కుటుంబాలు వచ్చి వెతుక్కుంటాయి. ఊరి పేరు దొరల గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నది. రెండు మూడుసార్లు పైకి చదివితే గానీ అది మన ఊరేనని తెలియదు.