పిడికిలి బిగించిన పిన్ని

సినిమాలో ఫైటింగు మొదలయిందంటే కథానాయికకి ఉండే పనేమిటో మీకు తెలియనిది కాదు. స్తంభం చాటున నిలబడి, కళ్ళు పెద్దవి చేసి, పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకోవడం. హీరోగారు పదిమందినీ మట్టి కరిపించాక పరుగున వెళ్ళి ఆయన గుండెల మీద వాలిపోవడం. ఏళ్ళ తరబడి అదే వరస.

ఆ వరస తప్పించిన ఆడవాళ్ళు లేకపోలేదు. వాళ్ళెవరా అని చూస్తేనే తమాషాగా ఉంటుంది. 1935లో బొంబాయిలో వాడియా సోదరులు తీసిన 'హంటర్‌వాలీ'లో ముసుగు వేసుకుని కొరడా ఝళిపించిన రాకుమారి పేరు నాడియా. అసలు పేరు మేరీ ఇవాన్స్. ఆస్ట్రేలియాలో పుట్టి, సర్కస్‌లో పనిచేసి వచ్చిన తెల్లపిల్ల. జనం వెర్రెత్తినట్టు చూశారు. దొరసాని గదా, ఏం చేసినా చెల్లింది! అదే పని మనింటి పిల్ల చేస్తే, మగవాళ్ళ మాట అటుంచండి, మన అమ్మమ్మలే బుగ్గలు నొక్కుకునేవారు.

మరి తెలుగులోనో? 1970లో కె.ఎస్.ఆర్. దాస్ 'రౌడీ రాణి' తీశారు. 'మోసగాళ్ళకు మోసగాడు'తో కృష్ణకి కౌబాయ్ టోపీ పెట్టిన దర్శకుడే, దానికి ఏడాది ముందే ఓ ఆడపిల్ల చేతికి తుపాకీ ఇచ్చారు. ఆ పిల్ల విజయలలిత. అంతదాకా ఆమెని మనం ఎక్కువగా చూసింది క్లబ్బు డాన్సుల్లో. జ్యోతిలక్ష్మికీ అంతే, ఇటు డాన్సులూ అటు ఫైటింగులూ. ఒళ్ళు సాధకంలో ఉన్నవాళ్ళు కాబట్టి వాళ్ళని తీసుకున్నారని సరిపెట్టుకోవచ్చు. నాకు మాత్రం ఇంకో కారణం తోస్తుంది. పసుపూ కుంకుమా పెట్టి గౌరవించే కథానాయిక కాలెత్తి తన్నితే మన మనసు ఒప్పదు. ఎలాగూ "అలాంటిది" అని ముద్ర వేసేసినదాన్ని తన్ననిస్తే ఎవరికీ నష్టం లేదు! ఈలలు వేసిన చేతులే ఆమెకి గౌరవం దగ్గరకొచ్చేసరికి ముడుచుకుపోయాయి.

ఆ విజయలలిత అక్క కూతురే విజయశాంతి.

1985లో 'ప్రతిఘటన'లో ఆమె లెక్చరరు. నడిబజారులో రౌడీ చేతిలో అవమానం పడి, చివరికి గొడ్డలెత్తింది. చీర కట్టుకున్న ఇల్లాలు గొడ్డలి పడితే ఒప్పుకున్నాం. ఎందుకంటే ముందు ఆమె చాలినంత ఏడ్చింది. 1990లో 'కర్తవ్యం' వచ్చింది. ఒంటి మీద పోలీసు దుస్తులు, ఎదుట సెల్యూట్లు. ఆ పాత్రకి జాతీయ ఉత్తమ నటి బహుమతి కూడా వచ్చింది. బాగా చేసింది, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కానీ ఆ పేర్లు చూడండి! పిన్ని పిడికిలి బిగిస్తే రౌడీతనం, కూతురు బిగిస్తే కర్తవ్యం. మధ్యలో గడిచింది ఇరవయ్యేళ్ళు, మారింది ఒంటి మీద బట్ట.

అక్కడితో అందరికీ దారి దొరికినట్టేనా అంటే, 1997లో దాసరి నారాయణరావు గారి సినిమా వచ్చింది. అదే విజయశాంతి ఈసారి దొర మీద తిరగబడిన తెలంగాణ పేదింటి పిల్ల. తుపాకీ అదే, గురి అదే. థియేటర్లు అదిరిపోయాయి. పట్నంలో ఉద్యోగం చేసే పోలీసమ్మ సినిమాకి 'కర్తవ్యం' అని నిండుగా పేరు పెట్టారా, ఊళ్ళో ఈ పిల్ల దగ్గరకొచ్చేసరికి గోడల మీద పోస్టర్లన్నీ ఒకటే పిలుపు: 'ఒసేయ్ రాములమ్మా'.