మూడు చేతులు, మూడు బాణాలు: ఒక సరళ రేఖాచిత్రపు యోగ్యతా విచారణ

రాయి, కాగితం, కత్తెర అనే చేతి ఆటను వివరించే రేఖాచిత్రం సుపరిచితమైనదే. వలయాకారంలో మూడు చేతి ముద్రలు, వాటిని కలుపుతూ మూడు బాణాలు. అంతకుమించి అందులో ఏమీ ఉండదు. ఉత్తమ చిత్రాలను ఎంపిక చేసేటప్పుడు ఇటువంటి గీతకు గుర్తింపు తగునా అన్నది ఈ వ్యాసంలోని విచారణ. ‘ఇది ఎవరైనా గీయగలరు’ అన్నది సాధారణంగా వినవచ్చే ఆక్షేపణ. అది చిత్రకారుని శ్రమను మాత్రమే కొలుస్తుంది. చిత్రం నెరవేర్చే ప్రయోజనాన్ని కొలవాలంటే ఆట చరిత్రలోకి వెళ్ళాలి.

మింగ్ యుగపు చైనా రచయిత షియే జావ్‌జే తన ‘వూజాజూ’ గ్రంథంలో చేతి ముద్రల ఆటను పేర్కొని, దాని మూలాన్ని హాన్ యుగానికి ముడిపెట్టాడు. జపానులో ఈ జాతి ఆటలు పలు రూపాలు పొందాయి. ‘ముషికెన్’లో బొటనవేలు కప్ప, చూపుడువేలు పాము, చిటికెనవేలు గుల్లలేని నత్త. పాము కప్పను, కప్ప నత్తను, నత్త పామును గెలుస్తాయి. ‘కిట్సునేకెన్’లో నక్క గ్రామపెద్దను, గ్రామపెద్ద వేటగాణ్ణి, వేటగాడు నక్కను జయిస్తారు. ముగ్గురూ పరస్పరం జంకి నిలిచిపోయే ఈ స్థితిని జపనీయులు ‘సాన్‌సుకుమి’ అంటారు. పాత్రలు మారినా సంబంధం మారలేదు. కనుక ఆటకు ప్రాణం ముద్రలలో కాక వాటి చక్రీయ సంబంధంలో ఉన్నదని చెప్పాలి.

1809 నాటి ఒక జపనీయ గ్రంథంలో ముషికెన్ చేతులు మూడూ పక్కపక్కనే చిత్రితమయ్యాయి. వేళ్ళ భంగిమ స్పష్టమే. ఏది దేనిని గెలుస్తుందో ఆ వరుస తెలుపదు. పైగా వరుస అన్నది మొదలు, చివర అనే తారతమ్యాన్ని స్ఫురింపజేస్తుంది. వలయం, బాణాలు ఆ భ్రమను తొలగిస్తాయి. మన పిల్లలు పంటలు వేసుకొనేటప్పుడు అరచేయి, వెనుకచేయి చూపుతారు. అక్కడ వేరుగా పడినవారిని విడదీయడమే నియమం. చక్రం లేదు కనుక ఒక్క వాక్యం చాలు, చిత్రం అక్కరలేదు.

సంఖ్య కూడా గమనార్హం. మూడు ముద్రలకు 3 బాణాలు. ప్రతిదానికి ఒక గెలుపు, ఒక ఓటమి. నాలుగు ముద్రలైతే ప్రతిదీ మరి మూడింటిని ఎదుర్కోవాలి. గెలుపోటములు సమంగా పంచుకోవడం అసాధ్యం. ఐదింటితో సమత్వం కుదిరినా 10 బాణాలు కావాలి, చూపు చిక్కుపడుతుంది. ఓటింగులో ఇటువంటి చక్రాన్నే కొండోర్సె 1785లో వివరించాడు. ఒక బల్లిజాతి మగవాటి మూడు కంఠవర్ణాల మధ్య ఇదే సంబంధాన్ని సినెర్వో, లైవ్లీ 1996లో ప్రకటించారు. ఒక్క పిల్లల ఆట బొమ్మ ఈ రెండింటికీ ప్రవేశద్వారం కాగలదు.

మమ్మటుడు వ్యంగ్యం లేని చిత్రకావ్యాన్ని అవరమన్నాడు. అక్కడ దోషం అర్థాన్ని మించిన అలంకారానిది. ఈ రేఖాచిత్రంలో తీసివేయదగిన గీత ఒక్కటీ లేదు. కావ్యానికి చెప్పిన కొలతను రేఖాచిత్రానికి యథాతథంగా అన్వయించలేము గాని, నిరాడంబరతను లోపంగా ఎంచరాదన్న సూచన అందులో ఉంది.

అయినా గుర్తింపు షరతులతోనే ఇవ్వాలి. బాణం ‘గెలుస్తుంది’ అని చెబుతున్నదా, ‘ఓడుతుంది’ అని చెబుతున్నదా అన్నది చిత్రంలోనే తెలియాలి; లేకుంటే ఆట తలక్రిందులవుతుంది. ఇద్దరాడే ఆటలోని 9 సంయోగాలలో 3 సమానమవుతాయి. బాణాలు వాటిని చూపవు కనుక క్రింద ఒక వాక్యం అవసరం. ముద్రలు చిన్న పరిమాణంలోనూ వేరుగా గుర్తుపట్టేలా ఉండాలి. ఈ మూడు షరతులనూ తీర్చిన చిత్రం గుర్తింపునకు అర్హం. తీర్చనిది ఎంత సుందరమైనా 1809 నాటి వరుసచిత్రం వలె చేతులను చూపుతుందే గాని ఆటను చూపదు.