ఉపగ్రహ పాఠము నుండి ఉచిత యాప్ వరకు
పాలమూరు, నల్లగొండ బడులలో బోధనోపకరణముల కథ

1975 ఆగస్టు 1వ తేదీన మహబూబ్‌నగర్ జిల్లాలోని కొన్ని పల్లెలకు టెలివిజన్ వచ్చినది. అప్పటికి హైదరాబాదు నగరమునకే టెలివిజన్ ప్రసార కేంద్రము లేదు. నగరములోని ధనికునికి లభింపని వస్తువు పాలమూరు పల్లెలోని బడిపిల్లవానికి పైసా ఖర్చు లేకుండ లభించినది. ఈ వింత ఒక్క సంవత్సరము మాత్రమే నిలిచినది. నేడు ఉపాధ్యాయులు తరగతిలో ఉచిత యాప్‌లను, అంతర్జాల ఉపకరణములను వాడుట గూర్చి జరుగుచున్న చర్చలకు ఆ ఒక్క సంవత్సరపు అనుభవము మంచి పీఠిక కాగలదు.

ఆ ప్రయోగమునకు ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగమని పేరు. ఆంగ్లములోని పొడి అక్షరములను బట్టి దానిని ‘సైట్’ అని పిలిచిరి. భారత అణుశక్తి శాఖకును అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకును 1969 సెప్టెంబరులో కుదిరిన ఒప్పందము దీనికి మూలము. దీనిని కలగన్న విక్రమ్ సారాభాయి 1971 డిసెంబరులో మరణించెను, ఫలము చూడలేదు. నాసా వారి ఏటీయస్-6 అను ఉపగ్రహమును ఆఫ్రికా తూర్పు భాగముపైకి జరిపి, ఆరు రాష్ట్రములలోని 20 జిల్లాలలో సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు అందించిరి. నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నుకొన్నవి హైదరాబాదు, మెదకు, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలు. నల్లగొండకు ఆ అవకాశము కలుగలేదు. వెనుకబడిన ప్రాంతములను కోరి ఎన్నుకొనుట ఈ ప్రయోగములోని విశేషము. క్రొత్త యంత్రము మొదట పట్టణమునకు వచ్చి, పాతబడిన పిమ్మట పల్లెకు చేరుట మన దేశమున ఆచారము గదా!

ఊరి బడి గోడ ప్రక్కన మూడు మీటర్ల వెడల్పు గల ఒక గిన్నె వంటి ఆకాశతంతిని నిలిపిరి. దానిపై పరచినది కోళ్లగూళ్లకు వాడు ఇనుప తీగెల వల. ఇన్ని రంధ్రములున్న వల ఉపగ్రహ తరంగములను ఎట్లు పట్టును? సంకేతముల పౌనఃపున్యము 860 మెగాహెర్ట్‌జులు. కాంతివేగమును ఈ సంఖ్యతో భాగించినచో తరంగదైర్ఘ్యము సుమారు 35 సెంటీమీటర్లు వచ్చును. ఇంత పొడవైన తరంగమునకు రెండు మూడు సెంటీమీటర్ల రంధ్రము రంధ్రముగా తోచదు. వల నునుపైన అద్దము వలె పనిచేయును. ఖరీదైన భాగము నేలపై గాక ఆకాశమున నుండెను: భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహము తొమ్మిది మీటర్ల గొడుగును విప్పుకొని, తన శక్తినంతను మన దేశముపై కేంద్రీకరించెను. పెట్టెలను హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ తయారుచేసినది.

ఉదయము గంటన్నర సేపు బడిపిల్లల కార్యక్రమములు, సాయంకాలము రెండున్నర గంటలు గ్రామస్థుల కార్యక్రమములు వచ్చెడివి. ఉదయపు గంటన్నరను హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ భాషలు పంచుకొనెను. కనుక తెలుగు పిల్లవాని వంతు ఇరువది రెండున్నర నిమిషములు. ఒక బొమ్మకు రెండు ధ్వనిమార్గములు ఉండుటచే ఒకే బొమ్మకు ఒకచోట తెలుగు మాట, మరొకచోట కన్నడ మాట వినిపించుటకు వీలుండెను.

ఉపాధ్యాయుని స్థితి ఎట్టిది? పాఠము వచ్చు వేళ అతని చేతిలో లేదు. పాఠమును ఆపి “అర్థమైనదా?” అని అడుగుటకు వీలులేదు. మరల చూపుటకు వీలులేదు. ఆనాడు కరెంటు పోయినచో పాఠమే పోయినది. పాలమూరులో మరియొక చిక్కు కలదు. వానలు లేని ఈ మెట్టనేలల నుండి కుటుంబములు కూలికై వలసపోవుట తరతరముల బాధ. పాలమూరు కూలీ అను మాట దేశములో పెద్ద ఆనకట్టలు కట్టిన చోటులందెల్ల తెలిసినదే. తల్లిదండ్రులతో పోయి నాలుగు నెలలకు తిరిగివచ్చిన పిల్లవానికి, జరిగిపోయిన ప్రసారము ఎన్నటికిని దొరకదు. ప్రయోగము ముగిసిన పిమ్మట జరిపిన పరిశీలనలలో పిల్లల భాషాభివృద్ధి యందు మేలు కనిపించినది. హాజరు, నమోదులలో చెప్పదగిన మార్పు కానరాలేదు. టెలివిజన్ పెట్టె ఇంటి పేదరికమును తీర్చజాలదు గనుక ఇందు ఆశ్చర్యపడవలసినది లేదు.

ఆ ప్రయోగములో అన్నిటికంటె విలువైన భాగము పిల్లలకై చేసినది కాదు, ఉపాధ్యాయులకై చేసినదని చెప్పవచ్చును. 1975 అక్టోబరులో ఒకసారి, 1976 వేసవిలో మరొకసారి, పండ్రెండేసి దినముల చొప్పున ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ నిచ్చిరి. టెలివిజన్, రేడియో, అచ్చు ప్రతులు, చేతితో చేయు ప్రయోగములు, తోటివారితో చర్చ అన్నియు అందు కలసియుండెను. మొత్తము మీద ఆరు రాష్ట్రములలో సుమారు 48,000 మంది ఇట్లు శిక్షణ పొందిరి. పెట్టె మూగబోయిన తరువాత కూడ నిలుచునది ఈ శిక్షణయే.

పెట్టె మూగబోవుటకు ఎక్కువ కాలము పట్టలేదు. 1976 జూలై 31వ తేదీతో గడువు తీరినది. ఉపగ్రహమును అమెరికా వారు వెనుకకు మరలించుకొనిరి. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది గాని, నేలపై స్తంభము నుండి వచ్చు ప్రసారము దగ్గరి ఊళ్లకే అందును. ఇన్సాట్ ఉపగ్రహములు, 2004 సెప్టెంబరులో ఎగిరిన ఎడ్యుశాట్, మన టీవీ, తెలంగాణ ఏర్పడిన పిదప టీ-శాట్ వచ్చినవి. పాఠముల సంఖ్య పెరిగినది, బొమ్మ మెరుగైనది. ఉపాధ్యాయుడు మాత్రము చూచువాడుగనే మిగిలెను.

అంతర్జాలము వచ్చిన తరువాత మారినది ఇదే. ఆస్ట్రియా దేశమున సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయములో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన జియోజీబ్రా అను సాధనమును చూడుడు. అర్ధవృత్తములోని కోణము లంబకోణమని చెప్పుటకు ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఒక బొమ్మ గీయును. కోణమానినితో కొలిచినచో ఒకనికి 89 డిగ్రీలు, మరియొకనికి 91 డిగ్రీలు వచ్చును. జియోజీబ్రాలో వ్యాసము ఏబీ గీసి, వృత్తముపై సీ అను బిందువును వ్రేలితో జరుపవచ్చును. బిందువు ఎక్కడికి పోయినను కోణము 90 డిగ్రీలే. వందలాది త్రిభుజములు ఒక నిమిషములో కన్నుల ముందర మెదలును.

ఇక్కడ ఒక మాట. చూచుట ఉపపత్తి కాదు. కేంద్రము ఓ నుండి సీకి గీత గీసినచో రెండు సమద్విబాహు త్రిభుజములు ఏర్పడును. అందుచే సీ వద్ద కోణము ఏ, బీ కోణముల మొత్తమునకు సమానము. మూడు కోణముల మొత్తము 180 గనుక సీ 90. ఈ మెట్టును ఉపాధ్యాయుడే ఎక్కింపవలెను. యంత్రము నమ్మకమును కలిగించును, కారణమును చెప్పదు.

భౌతికశాస్త్రమునకు ఇట్టిదే ఫెట్. నోబెల్ బహుమానము పొందిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయమున దీనిని స్థాపించెను. ఇందలి అనుకరణ ప్రయోగములలో కొన్ని తెలుగులోనికి వచ్చినవి. బల్బు, బ్యాటరీ, తీగెలను తెరపై కలిపినచో ఎలక్ట్రానులు కదలుట కనిపించును. బల్బు మాడదు, తీగె తెగదు, ప్రయోగశాల లేని బడికి ఇది గొప్ప వరము. అయితే తెరపై వడిగా పరుగెత్తు చుక్కలను చూచి ఎలక్ట్రానులు నిజముగా అట్లే పరుగెత్తునని పిల్లలు తలచెదరు. సాధారణముగా ఇంటి తీగెలలో వాటి సగటు ప్రవాహవేగము సెకనుకు ఒక మిల్లీమీటరు కంటె తక్కువ. ఈ హెచ్చరిక చెప్పు ఉపాధ్యాయుడు ఉన్నచోటనే ఫెట్ పాఠమగును, లేనిచోట ఆటబొమ్మ.

ఈ సాధనములు తెలుగు బడికి చేరుటకు వెనుక మరియొక మూగ చరిత్ర కలదు. ఒక కంప్యూటరుపై వ్రాసిన తెలుగు మరియొకదానిపై పిచ్చిగీతలుగా కనిపించిన కాలము ఉండెను. ఏలయనగా ఒక్కొక్క అక్షరరూపమునకు ఒక్కొక్క సంకేతపట్టిక. 1991 నాటి యూనికోడ్ పట్టికలో తెలుగునకు స్థానము లభించుటచే అక్షరమునకు ఎల్లచోట్ల ఒకే సంఖ్య ఏర్పడినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను అక్షరరూపములను నిర్మించి ఉచితముగా ఇచ్చిరి. నల్లగొండలో తయారైన ప్రశ్నపత్రమును నారాయణపేటలో తెరచి చదువగలుగుట ఇట్టివారి శ్రమఫలము.

ఇక అంతర్జాలము అందని బడి మాట. దీనికి మంచి సమాధానము చూపినది క్లిక్స్ అను ప్రయత్నము. ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రముల సంస్థ, అమెరికాలోని ఎమ్‌ఐటీ, టాటా ట్రస్టులు కలసి తెలంగాణ మొదలగు నాలుగు రాష్ట్రముల ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో దీనిని నడపినవి. గణితము, విజ్ఞానము, ఆంగ్లములలో పాఠములను తెలుగులోను తయారుచేసి, బడిలోని కంప్యూటరులోనే నిలువచేసిరి. పాఠము నడచుటకు బయటి సంబంధము అక్కరలేదు. దీనికి 2017 సంవత్సరపు యునెస్కో బహుమానము లభించినది. వలస నుండి తిరిగివచ్చిన పిల్లవాడు తాను లేనప్పటి పాఠమును మరల తెరచుకొనుట ఇట్టి ఏర్పాటులో సాధ్యము. 1975లో అది అసాధ్యము.

పెద్ద పరీక్ష 2020లో వచ్చినది. కరోనా వలన మార్చిలో మూతబడిన బడులకు బదులుగా, సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వము మూడవ తరగతి నుండి పదవ తరగతి వరకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములను ప్రసారముచేసినది. అభ్యాసపత్రములు వాట్సాప్‌లో తిరిగినవి. 2011 జనాభా లెక్కలలో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతము, నల్లగొండ 64.20 శాతము. అక్షరము రాని తల్లిదండ్రుల ఇంట, ఉన్న ఒక్క ఫోనును తండ్రి పనికి తీసికొనిపోయినప్పుడు, ఉచిత యాప్ ఎవరికి ఉచితము? యాప్ వెల సున్న. ఫోను వెల, నెలనెల డేటా వెల సున్నలు కావు.

పాఠ్యపుస్తకములలో ముద్రించిన చతురస్రపు చుక్కల ముద్రలు కూడ ఇట్టివే. 2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వపు దీక్షా వేదికలోని పాఠమునకు ఆ ముద్ర దారిచూపును. ఉపాధ్యాయుని ఫోనుతో ఒక్కసారి దింపుకొని తరగతికంతకు చూపుట మేలు. ఇంటివద్ద చూచి రమ్మనుట న్యాయము కాదు.

కొన్ని యాప్‌లు మరియొక విధముగా వెల తీసికొనును. పిల్లల పేర్లు, వయస్సు, ఫోను సంఖ్యలు అడిగి, ప్రకటనలు చూపి సంపాదించును. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లలోపు వారి సమాచారము వాడుటకు తల్లిదండ్రుల అనుమతి కావలెనని విధించినది. పేరు అడుగకుండ పనిచేయు సాధనమును ఎన్నుకొన్న ఉపాధ్యాయునికి ఈ చిక్కే లేదు.

ఉచితమను మాటకు గల రెండవ అర్థము ఇంకను ముఖ్యమైనది: మార్చుకొను స్వేచ్ఛ. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనిదైన షాద్‌నగర్‌లో ఉపగ్రహ చిత్రములను అందుకొను కేంద్రమొకటి 1979 నుండి పనిచేయుచున్నది. ఇస్రో వారు 2009లో ప్రారంభించిన భువన్ పటములో ఎవరైనను భూమి చిత్రములను ఉచితముగా చూడవచ్చును. వనపర్తి వైపు సరళాసాగరమును అందు వెదకి, దాని సైఫన్ కలుజులు నీటిమట్టము పెరుగగనే తలుపులెత్తు మనుష్యుడు లేకుండ ఎట్లు పారునో చెప్పి, వెంటనే ద్రవపీడనము పాఠము నెత్తుకొన్నచో, పరదేశములో చేసిన ఏ వీడియో కూడ ఆ పాఠమునకు సాటి రాదు.

నల్లగొండ ఉపాధ్యాయునికి ఇంకను గట్టి విషయము చేతనే ఉన్నది. భూజలములో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు మఱ్ఱిగూడ, మునుగోడు ప్రాంతములలో పండ్లను, ఎముకలను ఎట్లు పాడుచేసినదో పిల్లలు తమ ఇండ్లలోనే చూచినారు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించిన నివారణోపాయము నల్లగొండ పద్ధతి అను పేరుతోనే ప్రపంచమునకు తెలిసినది. పటిక, సున్నము నీటిలో కలిపినచో అల్యూమినియం హైడ్రాక్సైడు తెట్టెలుగా ఏర్పడి, ఫ్లోరైడును తనతో పట్టుకొని అడుగున పేరును. ఊరి బావుల పరీక్షాఫలితములను ఉచిత లెక్కలపట్టికలో చేర్చి, పటమును గీసి, ఈ రసాయనచర్యను ప్రక్కన చూపు పాఠమును పదవ తరగతి పిల్లలే తమ ఉపాధ్యాయునితో కూడి చేయగలరు. దానిని ఎవరైనను మార్చుకొనవచ్చునను అనుమతితో విడుదలచేసినచో, ఇదే బాధ గల కనిగిరి ఉపాధ్యాయుడు బావుల పేర్లు, అంకెలు మార్చి తన తరగతిలో మరునాడే వాడుకొనగలడు.