నాలుగెకరాల లోపు ప్రయోగశాల

మరుగున పడ్డ స్త్రీల కోసం మనం ఉత్తరాల్లో, డైరీల్లో, పాత పత్రికల్లో వెతుకుతాం. వాగు ఒడ్డున పొదల్లో వెతకాలని తోచదు.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని పొకిప్సీ ఊళ్లో ఉన్న వాసర్ కాలేజీ అప్పట్లో ఆడపిల్లల కాలేజీ. ఎడిత్ రాబర్ట్స్ 1919లో అక్కడ వృక్షశాస్త్రం చెప్పడానికి చేరింది. 1915లో షికాగో యూనివర్సిటీలో డాక్టరేట్ తీసుకుంది. ఇసుక దిబ్బల మీద ఏ మొక్క తర్వాత ఏ మొక్క వచ్చి నిలుస్తుందో చూపిన హెన్రీ కౌల్స్ పాఠాలు చెప్పిన చోటది. 1920ల మొదట్లో కాలేజీ ఆమెకి వాగు పక్కన నాలుగెకరాల లోపు నేల ఇచ్చింది. డచెస్ కౌంటీలో సహజంగా పెరిగే మొక్కలన్నిటినీ, వాటి సహవాసాలతో సహా, డిగ్రీ చదివే అమ్మాయిల చేత అక్కడ పెంచి చూడాలన్నది ఆమె ఆలోచన.

మన కాలేజీల్లో బోటనీ చదివినవాళ్లకి హెర్బేరియం గుర్తుండే ఉంటుంది. మొక్కని పీకి, ఆరబెట్టి, అట్టకి అంటించి పేరు రాస్తాం. రాబర్ట్స్ అడిగిన ప్రశ్న వేరు: ఈ మొక్క ఎవరి పక్కన బతుకుతుంది? ఏ నీడలో, ఎంత తడిలో?

అడవి మొక్కల విత్తనాలు చాలావరకు మనం చల్లగానే మొలవవు. చాలావాటికి తడిలో, చలిలో కొన్ని వారాలో నెలలో గడవాలి. ఎంత చలి, ఎన్నాళ్లు అన్నది ఒక్కో జాతికీ విడిగా లెక్క తేల్చాల్సిందే. ఇలాంటి పనికి కావలసిన ఓపికని ఆడవాళ్ల సహజగుణం అనేస్తే, అది శాస్త్రం కాకుండా తోటపని అయిపోతుంది! అక్కడ పనిచేసిన అమ్మాయిల్లో చాలామంది ‘విద్యార్థినులు’ అన్న ఒక్క మాటలోనే ఉండిపోయారు.

1929లో రాబర్ట్స్, ఉద్యానశిల్పి ఎల్సా రేమన్ కలిసి ‘అమెరికన్ ప్లాంట్స్ ఫర్ అమెరికన్ గార్డెన్స్’ తెచ్చారు. అందులో అధ్యాయాలకి చోట్లే ఆధారం: ఓక్ అడవి, వాగు ఒడ్డు, చెరువు, బురదనేల. సాహిత్యం చదువుకున్న నాకు ఆ అమరిక చాలా నచ్చింది. పేరు మాత్రం గుచ్చుకుంది. ఆసియావాళ్లని, అంటే మనల్ని కూడా, దాదాపుగా గడప బయటే నిలబెట్టిన వలస చట్టం వచ్చింది 1924లో. ‘స్థానికం’ అన్న మాట మొక్కల దగ్గరే ఆగిన కాలం కాదది. 1940 దాకా వాసర్ నల్లజాతి అమ్మాయిలని బాహాటంగా చేర్చుకోలేదు కూడా. ఆ ప్రయోగశాల తలుపు ఎవరికి తెరుచుకుందో చెప్పకుండా దాన్ని మన విజయంగా రాసుకోలేం. రాబర్ట్స్ పనిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు.

1940ల చివర్లో ఆమె రిటైరయ్యాక ఆ చోటుని పట్టించుకున్నవాళ్లు లేరు. దారులు మూసుకుపోయాయి. దశాబ్దాల తర్వాత అక్కడి అధ్యాపకులూ విద్యార్థులూ పొదలు నరికి, అప్పటి మొక్కల్లో ఏవేవి మిగిలాయో లెక్క మొదలుపెట్టారు. 1969 నుంచి ఆ కాలేజీలో అబ్బాయిలూ ఉన్నారు.